ఎవరి పేరూ వదలకూడదు

శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో అయిదుగురం ఉన్నాం. పొయ్యి పక్క కుర్చీలో నానమ్మ. కిటికీ దగ్గర, పేడ అంటిన బూట్లు కూడా విప్పకుండా, నాన్న. వంటింటి బల్లకి ఈ చివర వేన్ బాబాయి, ఆ చివర మా అక్క బ్రిన్. ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య సందులో నేను. అమ్మ వృద్ధాశ్రమంలో డ్యూటీకి వెళ్ళింది. తాతయ్యని సమాధి చేసి ఎనిమిది రోజులైంది.

రావలసిన మనిషి మాత్రం రాలేదు.

ఎలీసియో పదకొండేళ్ళుగా మా పాల షెడ్డులో పనిచేస్తున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి షెడ్డులో లైట్లు వెలగడం నాకు కోడి కూత లాంటిది. ఈ రోజు వెలగలేదు. రెండు వందల పది ఆవులు ఒక్కసారిగా అరవడం మొదలుపెడితే మెలకువ వచ్చింది. నాన్న, నేను కలిసి పాలు పితికేసరికి పదిన్నర దాటింది. అంతసేపూ నాన్న నాతో ఒక్కమాట మాట్లాడలేదు. మాట్లాడకపోవడం నాకు కొత్త కాదు గానీ, ఆయన ఒకే ఆవు దగ్గరికి రెండుసార్లు వెళ్ళడం కొత్త.

షెడ్డు వెనక ఎలీసియో వాళ్ళ ట్రెయిలర్ ఇంటికి తెరలు వేసి ఉన్నాయి. వాళ్ళు లోపలే ఉన్నారు. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది.

"చదవనా బాబాయ్?" అంది అక్క. మినియాపోలిస్ నుంచి మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చింది. కోటు ఇంకా విప్పలేదు.

"నువ్వు చదవక్కర్లేదు. నాకూ చదువొచ్చు."

"'మన చర్చి వంటింటి వెనక గుమ్మంలోంచి ఏం మోసుకుపోతున్నారో చూడండి. చచ్చినవాళ్ళ పేరున పెట్టిన తిండి కూడా వదలరు. తర్వాత మన ఇళ్ళే.' ఇది నువ్వు రాశావా లేదా?"

"నేను రాయలేదు. మన కౌంటీ వాళ్ళ ఆన్‌లైన్ గ్రూపులో ఎవడో పెట్టాడు. నేను షేర్ చేశానంతే."

"అంతేనా?"

"అంతే. నువ్వు చెయ్యలేదా? నీదీ చదవమంటావా?" బాబాయి తన ఫోన్ తీసి, కళ్ళకి దూరంగా పట్టుకున్నాడు. "'మా ఊళ్ళో పనివాళ్ళకి ముందు గుమ్మం లేదు. మిగిలిన తిండి వెనక గుమ్మంలో చేతికిచ్చి పంపుతారు. సిగ్గు.' ఏ ఊరమ్మా అది? మనదే కదా! నీకు బాప్తిస్మం ఇచ్చిన చర్చే కదా! పేరుతో సహా రాశావు. పదకొండు వేలమంది చూశారంట. సంబరంగా ఉందా?"

"నేను వాళ్ళ తరఫున రాశాను."

"నేను మన తరఫున షేర్ చేశాను."

"'మన' అంటే ఎవరు బాబాయ్?"

"అదీ తెలీదా నీకు? అందుకే పట్నం పంపొద్దన్నాను మీ నాన్నతో."

ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే ఫోటో గురించి. బాబాయి వైపు వాళ్ళ దగ్గర దాని చుట్టూ ఎర్రగీత ఉంది. అక్క వైపు వాళ్ళ దగ్గర దాన్ని నలుపు-తెలుపు చేశారు. ముగ్గురు మనుషులు, చలికి టోపీలు కిందికి లాక్కుని, మెడకి మఫ్లర్లు చుట్టుకుని, చర్చి నేలమాళిగ మెట్లు ఎక్కి వస్తున్నారు. చేతుల నిండా గిన్నెలు, పెనాలు. మొహాలు సరిగ్గా కనపడవు.

నాన్న కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. గేటు దగ్గర ఇప్పుడు ఎవరూ లేరు. నిన్న సాయంత్రం అక్కడ ఒక కారు ఆగింది. మేం ఎరగని మనిషి ఒకడు దిగి, మా తపాలా పెట్టెని, షెడ్డుని, వెనక ట్రెయిలర్ ఇంటిని ఫోన్‌తో వీడియో తీసుకున్నాడు. చలికి చెయ్యి మార్చుకుంటూ, తీరిగ్గా, పెళ్ళి వీడియో తీసినట్టు తీసుకుని వెళ్ళిపోయాడు. అరగంటలో అది గ్రూపులోకి వచ్చేసింది.

"అతనికి మన ఇల్లు ఎలా తెలిసింది?" అన్నాడు నాన్న. ఈ రోజు ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

బాబాయి తన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఏదీ, ఆ బొమ్మ నాకోసారి చూపించండి," అంది నానమ్మ.

అక్క లేచి ఫోన్ ఇచ్చింది. నానమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్ళీ తీసి తుడుచుకుంది. నానమ్మకి ఫోటో పెద్దది చెయ్యడం తెలుసు. మునిమనవల ఫోటోలు చూసి చూసి నేర్చుకుంది. రెండు వేళ్ళతో లాగింది. ఇంకా లాగింది.

"ఇది నా పెనం," అంది.

బాబాయి నవ్వబోయాడు. "ఏంటమ్మా?"

"ముందు నడుస్తున్న మనిషి భుజం మీద బోర్లించి పట్టుకున్నాడే, అది. ఇలా రా. కింద పట్టీ చదువు."

మా ఊళ్ళో ఎవరు చనిపోయినా చర్చి కింద భోజనానికి ఇంటికొక గిన్నె చొప్పున వస్తుంది. ఏ గిన్నె ఎవరిదో తెలియడానికి అడుగున తెల్ల పట్టీ అంటించి పేరు రాస్తాం. కొంతమంది రోడ్డు కూడా రాస్తారు. నానమ్మ రాస్తుంది.

బాబాయి వంగి చదివాడు. పెదవులు కదిలాయి గానీ మాట పైకి రాలేదు. నేను చూడకుండానే చదవగలను, ఆ చేతిరాత నాకు తెలుసు. ఆర్డిస్ టోర్గర్సన్, జె రోడ్డు.

"ఎలా తెలిసిందని అడిగావుగా కర్ట్," అంది నానమ్మ నాన్నతో. "ఇలా తెలిసింది. నేనే రాసిచ్చాను."

నాన్న కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగాడు.

"వాటిల్లో తిండి లేదు వేన్. ఖాళీ పెనాలు. చర్చి వంట చూసే మార్లిస్‌కి తుంటి ఆపరేషనైంది. లోయిస్ మోకాళ్ళు వంగవు. నలభై మూడు గిన్నెలు ఎవరు తోముతారని నేను కుర్చీలో కూలబడితే, ఎలీసియో, అతని భార్య నీవెస్, వాళ్ళ పిల్ల యారెలీ చొక్కా చేతులు పైకి మడిచారు. తోమి, తుడిచి, పట్టీ చూసి ఎవరిది వాళ్ళింటికి చేర్చొచ్చారు. చీకటి పడిందాకా. మీ నాన్న చావుకి." నానమ్మ గొంతు పెంచలేదు. "ఈ పెనంలోని పంది మాంసం, హామ్, నువ్వు మూడుసార్లు వడ్డించుకున్నావ్. రెండింటికల్లా వెళ్ళిపోయావ్, ఏదో మ్యాచ్ ఉందని."

బాబాయి మొహం చెవుల దాకా తెల్లబడింది. ఎర్రబడుతుందనుకున్నాను. తెల్లబడింది.

"మొహాలు కనపడలేదమ్మా," అన్నాడు. "ఎవరో అనుకున్నా. మాంసం ఫ్యాక్టరీ వైపు నుంచి వస్తుంటారుగా, వాళ్ళనుకున్నా."

"నాకు తెలుసు," అంది అక్క మెల్లగా. "తాతయ్య పాత కోటు. ఎలీసియో అని గుర్తుపట్టాను. అందుకే కోపం వచ్చింది. తాతయ్య భోజనం రోజున కూడా ఆయన్ని వెనక గుమ్మంలోంచే..."

"గుర్తుపట్టావా?" అంది నానమ్మ.

"పట్టాను."

"పట్టి, నన్ను అడగలేదు."

"నానమ్మా—"

"గోడకి ఫోనుంది. నలభై ఏళ్ళుగా అదే నంబరు. అడిగితే చెప్పేదాన్ని. వెనక గుమ్మం దగ్గరే బండి ఆగుతుందే తల్లీ. పెళ్ళికూతురి కేకు కూడా ఆ గుమ్మంలోంచే వస్తుంది."

అక్క కుర్చీలో కూర్చుంది. ఫ్రిజ్ మోటారు ఆగింది. అంతసేపూ అది మోగుతున్నట్టే నాకు తెలియలేదు.

బాబాయే ముందు తేరుకున్నాడు. మనుషులు అలా తేరుకుంటారని నాకు తెలియదు, తప్పు తెలిసిన నిమిషంలోనే ఇంకొకరి కోసం వెతుక్కుంటారని. "అసలు ఆ ఫోటో తీసినవాణ్ణి అనాలి. మన ఊరిని బద్నాం చెయ్యడానికే పట్నం నుంచి వచ్చి తీసుంటాడు."

"పట్నం నుంచి నీ హామ్ ఫోటో తియ్యడానికి వస్తారా? పొంచి ఉండి తీసింది మీ గ్రూపు వాళ్ళే."

"మా గ్రూపులో అంత తీరిక ఎవడికీ లేదు."

"మరి గేటు దగ్గర నిలబడింది ఎవరు?"

ఇద్దరూ ఎరగని మనిషి కోసం వెతుకుతున్నారు. ఆ మనిషి ఫ్రిజ్ పక్కన నిలబడి ఉంది.

నేనే తీశాను. ఆ రోజు మెట్ల పైన నిలబడి, వాళ్ళు ముగ్గురూ ఒకరి వెనక ఒకరు ఆవిరి కక్కుతూ పైకి వస్తుంటే, అంత దుఃఖంలోనూ బాగుందనిపించి తీశాను. యారెలీ అప్పుడు ఏదో జోక్ వేసింది, అందుకే ఫోటో కాస్త కదిలింది. సోమవారం నానమ్మ, "ఆ బొమ్మ చర్చి పేజీకి పంపవే, జనానికి తెలియాలి," అంది. పంపాను. ఏం రాయాలో తోచలేదు. రాసి చెరిపి, రాసి చెరిపి, చివరికి ఒక్క మాటా లేకుండా పంపేశాను. మాటలు లేని ఫోటోకి ఎవరి మాటలు వాళ్ళు పెట్టుకున్నారు.

ఇంకొకటి కూడా ఉంది. గ్రూపులో దాన్ని నేను గురువారమే చూశాను. బల్ల మీద అన్నం చల్లారిపోతున్నా చూస్తూ కూర్చున్నాను. ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. మూడు వందల మంది కొట్టుకుంటున్న చోట నా పేరు కనపడుతుందని భయం వేసింది. నా డైరీలో నాలుగు పేజీలు రాసుకున్నాను. అక్కడ మాత్రం ఒక్క వాక్యం రాయలేదు.

నానమ్మ నా వైపు చూసింది. ఆమెకి తెలుసు. చెప్తానేమోనని చూస్తోంది. నేను ఫ్రిజ్ మీది అయస్కాంతాన్ని సర్దాను.

అప్పుడు తలుపు చప్పుడైంది.

ఎలీసియో. గుమ్మం బయటే నిలబడ్డాడు. తాతయ్య కోటు వేసుకోలేదు. మడిచి చేతి మీద వేసుకున్నాడు.

"లోపలికి రా," అన్నాడు నాన్న.

"బూట్లు మట్టిగా ఉన్నాయండీ."

"నావీ మట్టే. రా."

రాలేదు. తాళాల గుత్తి చెయ్యి చాపి ఇచ్చాడు. "ఇది షెడ్డుది. ఇది పాల ట్యాంకు గదిది. ఇది బండిది. నూటపన్నెండో నంబరు ఆవుకి ఎడమవైపు పొదుగు వాచింది, మందు వేశాను. కాలికి ఎర్ర పట్టీ కట్టాను చూడండి. మంగళవారం దాకా దాని పాలు ట్యాంకులో కలపకండి."

"ఎప్పుడు?" అన్నాడు నాన్న. ఆవు గురించి కాదని అందరికీ తెలుసు.

"చీకటి పడకముందే వెళ్ళిపోతాం."

ఎక్కడికని నాన్న అడగలేదు. ఈ దేశంలో ఉండడానికి కావలసిన కాగితాల మాట, సరిహద్దు దాటి వచ్చిన దారుల మాట మా ఇంట్లో పదకొండేళ్ళుగా ఎవరూ ఎత్తలేదు. అది మర్యాద అనుకునేవాళ్ళం.

బాబాయి లేచాడు. కుర్చీ వెనక్కి పడబోతే పట్టుకున్నాడు. "ఎలీసియో, చూడు, అది నీ గురించి కాదు."

"ఫోటోలో ఉన్నది నేనే కదండీ వేన్ గారూ."

"నువ్వని తెలీదు. నీలాంటివాళ్ళ గురించి కాదు నేనన్నది. నువ్వు మనవాడివి. మా నాన్న కోటు వేసుకు తిరిగావు."

"నిన్న గేటు దగ్గరికొచ్చినాయనకి అది తెలీదు కదండీ."

కసి లేదు ఆ గొంతులో. ఆవు పొదుగు గురించి చెప్పినట్టే చెప్పాడు.

అక్క గుమ్మం దాకా వెళ్ళింది. ఏడుస్తోంది. "నాకు తెలిసిన వకీలు ఉన్నారు. మీరు భయపడొద్దు. మీ మాటల్లో మీరే చెప్పండి, నేను రికార్డు చేస్తాను. అందరూ వింటారు. వేలమంది మీ వైపు ఉన్నారు."

"వద్దమ్మా," అన్నాడు ఎలీసియో. "వేలమంది చాలు."

కోటు నానమ్మకి ఇమ్మని నాన్న చేతిలో పెట్టాడు. మెట్లు దిగి, పెరట్లో గడ్డకట్టిన బురద మీద జాగ్రత్తగా అడుగులు వేస్తూ వెళ్ళిపోయాడు. నాన్న తలుపు తీసే ఉంచి చాలాసేపు నిలబడ్డాడు. ఇల్లంతా చల్లబడింది. తర్వాత కోటు తెచ్చి నానమ్మకి ఇచ్చాడు.

"కృతజ్ఞతల కార్డు వెయ్యాల్సింది," అంది నానమ్మ, కోటు ఒళ్ళో పెట్టుకుని. "వారం దాటింది. బుధవారం పత్రికకే పంపాల్సింది. అందులో రాసుంటే ఊరంతా చదివేది. ఈ గొడవే ఉండేది కాదు."

మా వారపత్రిక చివరి పేజీలో అది వస్తుంది. ఇంట్లో చావు జరిగితే, సాయం వచ్చిన వాళ్ళందరి పేర్లూ వేసి కృతజ్ఞత చెప్పాలి. ఇంటిపేరుతో సహా. ఎవరి పేరూ వదలకూడదు. ముత్తాత చావుకి ఊరగాయ దోసకాయలు తెచ్చిన లోయిస్ పేరు నానమ్మ మర్చిపోతే, లోయిస్ ఆరేళ్ళు నానమ్మ పక్క బెంచీలో కూర్చోలేదు. పేరు వెయ్యడం కంటే పెద్ద గౌరవం మా ఊళ్ళో లేదు.

నేను మేడ మీదికి పరిగెత్తాను.

యారెలీ వెళ్ళిపోతుంది. నేను మాట్లాడకుండానే నా మాట అర్థమయ్యే మనిషి అది ఒక్కతే. మా బడిలో పన్నెండు తరగతులకీ కలిపి నూట ఎనభై మంది. అందులో భోజనాల బల్ల దగ్గర నా పక్క కుర్చీ ఒకరి కోసం ఖాళీగా ఉంటుంది. దూడల పోటీకి ఇద్దరం కలిసి పెంచిన పెయ్య ఇంకా షెడ్డులోనే ఉంది. దాని పేరు మీద పోట్లాడుకుని, ఇద్దరం చెరొక పేరు పెట్టి పిలుస్తాం. అది రెండింటికీ పలుకుతుంది.

మంచం అంచున కూర్చుని గ్రూపు తెరిచాను. ఈసారి చెరపలేదు.

"కృతజ్ఞతలు. మా తాతయ్య హారాల్డ్ టోర్గర్సన్ అంత్యక్రియల రోజున చర్చి వంటింట్లో నలభై మూడు గిన్నెలు తోమి, ఆ సాయంత్రమే ఇంటింటికీ చేర్చిన ఎలీసియో బర్రగాన్, నీవెస్ బర్రగాన్, యారెలీ బర్రగాన్‌లకి మా కుటుంబం తరఫున ధన్యవాదాలు. వీరు పదకొండేళ్ళుగా జె రోడ్డులోని మా పొలంలోనే ఉంటూ మాతో పనిచేస్తున్నారు. ఫోటోలోని గిన్నెలు ఖాళీవి. ఈ ఫోటో తీసింది నేను. మారిట్ టోర్గర్సన్."

వదిలాను. నిమిషంలో ఒకరు మెచ్చుకున్నారు. తర్వాత ఆరుగురు. లోయిస్ ఏడుపు బొమ్మ పెట్టింది. "ఇంత మంచివాళ్ళని అన్నామా," అని ఎవరో రాశారు. పదహారేళ్ళలో మొదటిసారి అంతమంది ముందు నోరు తెరిచాను. ఎవరూ నవ్వలేదు.

కోటు వేసుకోకుండానే మెట్లు దిగాను. వంటింట్లో బాబాయి ఫోన్ బల్ల మీద బోర్లించి ఉంది, ఆయన తల చేతుల్లో పెట్టుకున్నాడు. అక్క నానమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. నేను వెళ్ళడం ఎవరూ చూడలేదు.

ట్రెయిలర్ ఇంటి ముందు వాళ్ళ బండి వెనక తలుపు తెరిచి ఉంది. లోపల దుప్పట్లు, కుక్కర్, యారెలీ బడి సంచీ. తలుపు కొట్టాను. తీసింది యారెలీనే. ఒక చేతిలో గోడ గడియారం పట్టుకుని ఉంది. గోడ మీద నుంచి అప్పుడే దించినట్టుంది, ఇంకా నడుస్తోంది.

"నువ్వా," అంది. ఏడ్చిన కళ్ళు. అయినా పక్కకి జరిగి దారి ఇచ్చింది.

"ఆ ఫోటో నేనే తీశాను," అన్నాను. ఊపిరి అందడం లేదు. "గురువారమే చూశాను కూడా. చెప్పలేదు. భయం వేసింది. కానీ ఇప్పుడు చెప్పేశాను. అందరికీ చెప్పేశాను. చూడు. మీరు వెళ్ళక్కర్లేదు."

ఫోన్ ఇచ్చాను. యారెలీ గడియారం చంకలో పెట్టుకుని చదివింది. చదివాక, మళ్ళీ మొదటినుంచి చదివింది.

"మా ఇంటిపేరు రాశావ్," అంది.

"ఎవరి పేరూ వదలకూడదుగా."

"అమ్మ పేరు. నా పేరు. రోడ్డు."

"మంచిగానే రాశాను యారెలీ. అందరూ మెచ్చుకుంటున్నారు, చూడు."

"అందరూ అంటే ఎంతమంది?"

చూశాను. అంకె నా కళ్ళ ముందే మారింది. "రెండు వందల పన్నెండు."

"ఇందాకటిదాకా మేం టోపీలు పెట్టుకున్న ముగ్గురం, మారిట్." దాని గొంతు వింతగా, చాలా మామూలుగా ఉంది. "ఎవరో ముగ్గురం. అంతే."

నేనేం చేశానో నాకు అప్పుడు అర్థమైంది. "తీసేస్తాను. ఇప్పుడే తీసేస్తాను, ఇటివ్వు." ఫోన్ లాక్కుని నొక్కాను. వేళ్ళు మొద్దుబారి తెర పలకలేదు. పాంటుకి తుడుచుకుని మళ్ళీ నొక్కాను. అప్పటికే ఎవరో దాన్ని ఫోటో తీసి, నలుగురి పేర్ల చుట్టూ ఎర్రగీత గీసి, కింద పెట్టేశారు. నాలుగోది నా పేరు.

లోపలి గదిలో అట్టపెట్టెకి టేపు చుడుతున్న చప్పుడు ఆగింది. "ఎవరే వచ్చింది?" అంది నీవెస్. ఎప్పుడూ నన్ను "తల్లీ" అని పిలిచే గొంతు.

యారెలీ నా మొహంలోకి చూసింది. వెనక్కి తిరగలేదు.

"ఎవరూ కాదమ్మా," అంది.

తలుపు వేసేసింది.